బొమ్మ రాకుంటే ప్లేయర్ పాడైనట్లు కాదు!
కొత్త టీవీ.. పాత డీవీడీ.. మధ్యలో తీగల తకరారు

చిక్కడపల్లి: ఇంటికి కొత్త టీవీ వస్తుంది. అల్మారాలో దాచిన పెళ్లి డిస్కు పెద్ద తెరపై చూద్దామని పాత డీవీడీ ప్లేయర్‌ను దించి తగిలిస్తారు. తీరా చూస్తే బొమ్మ నలుపు తెలుపులో వస్తుంది. లేదంటే గీతలు పరుగులు తీస్తాయి. అదీ కాకుంటే 'సిగ్నల్ లేదు' అన్న అక్షరాలు ప్రత్యక్షమవుతాయి. 'లెన్సు పోయింది' అన్న ఒక్క మాటతో ప్లేయర్ పాత సామాన్ల బండి ఎక్కుతుంది. నిజానికి ఇలాంటి సందర్భాల్లో చాలాసార్లు టీవీ బాగానే ఉంటుంది, ప్లేయర్ కూడా బాగానే ఉంటుంది. రెండింటినీ కలిపే తీగలోనో, ఏదో ఒక సెట్టింగ్‌లోనో తేడా ఉంటుంది. తెరపై లోపం ఏ రూపంలో కనిపిస్తోందో గమనిస్తే తప్పెక్కడుందో ఇంట్లోనే తేల్చుకోవచ్చు.

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతాల్లో పాత కాపురాలు ఎక్కువ. 1990ల చివరి నుంచి సెల్‌ఫోన్లలో వీడియోలు తీయడం అలవాటయ్యే వరకు పెళ్లిళ్లు, ఉపనయనాలు, షష్టిపూర్తులు వీసీడీ, డీవీడీలపైనే భద్రమయ్యాయి. ఆ దృశ్యాల్లోని పెద్దల్లో కొందరు ఇప్పుడు లేరు. వారి నడక, మాట మిగిలింది ఆ డిస్కులోనే. సినిమా డిస్కు పోతే ఆ సినిమా మరోచోట దొరుకుతుంది. ఇంటి డిస్కుకు చాలాచోట్ల రెండో ప్రతి లేదు. అందుకే ప్లేయర్‌ను వదిలించుకునే ముందు కాస్త ఓపిక పట్టి పరీక్షించుకోవడం అవసరం.

కొత్త ప్లేయర్ కొందామన్నా మార్కెట్ కుదించుకుపోయింది. బ్లూరే ప్లేయర్లకు పేరుపడిన ఒప్పో డిజిటల్ 2018లో ఆ వ్యాపారం నుంచి తప్పుకొంది. 2019లో శాంసంగ్ అమెరికా మార్కెట్‌కు కొత్త బ్లూరే ప్లేయర్లు తేవడం మానేసింది. ఒకప్పుడు తెలుగు సినిమాల వీసీడీలను, డీవీడీలను అతి తక్కువ ధరకు అమ్మిన మోజర్‌బేర్ సంస్థ సైతం 2018లో మూసివేత బాట పట్టింది. చేతిలో ఉన్న ప్లేయర్‌ను కాపాడుకోవడమే తెలివైన పని.

ముందుగా లోగో పరీక్ష

ఏది చెడిందో తెలుసుకోవడానికి స్క్రూడ్రైవర్ అక్కర్లేదు. డిస్కు పెట్టకుండా ప్లేయర్‌ను ఆన్ చేయాలి. కంపెనీ పేరున్న తెరో, 'నో డిస్క్' అన్న అక్షరాలో వస్తాయి. ఇవి ప్లేయర్ లోపలి చిప్‌లోనే తయారవుతాయి. వీటికి డిస్కుతోగానీ లెన్సుతోగానీ సంబంధం లేదు. ఆ తెర సరైన రంగుల్లో నిలకడగా ఉంటే తీగలు, సాకెట్లు సరిగ్గా ఉన్నట్లే. ఆ తర్వాత బొమ్మ చెడితే డిస్కును, లెన్సును అనుమానించాలి. లోగోయే వంకరగానో, రంగులు లేకుండానో వచ్చినా, అసలు రాకపోయినా లెన్సు జోలికి వెళ్లాల్సిన పనిలేదు. ముందుగా తీగను, సెట్టింగ్‌ను చూడాలి.

తెరపై ఏమీ రానప్పుడు మొదట చూడాల్సింది టీవీ రిమోట్‌లోని 'సోర్స్' లేదా 'ఇన్‌పుట్' మీట. తీగను ఏ సాకెట్‌కు తగిలించారో ఆ పేరునే ఎంచుకోవాలి. ఏవీ సాకెట్‌కు తీగ పెట్టి టీవీని హెచ్‌డీఎంఐలో ఉంచితే ఎంతసేపు చూసినా బొమ్మ రాదు. తర్వాత పిన్నులను పూర్తిగా లోపలికి నొక్కాలి. అప్పటికీ రాకుంటే తీగ మార్చాలి. ఆపై మరో టీవీకి తగిలించి చూడాలి. ఒకసారికి ఒక్కటే మార్చాలన్నది ఇందులో నియమం. రెండు మూడు కలిపి మారిస్తే దేనివల్ల బాగయిందో తెలియదు.

పసుపు ఒక దారి.. ఆకుపచ్చ మరో దారి

పాత ప్లేయర్ల వెనుక సాధారణంగా రెండు వరసల సాకెట్లుంటాయి. పసుపు, తెలుపు, ఎరుపు ఒక జట్టు. పసుపులో బొమ్మ మొత్తం వెళ్తుంది. తెలుపులో ఎడమవైపు శబ్దం, ఎరుపులో కుడివైపు శబ్దం వెళ్తాయి. ఆకుపచ్చ, నీలం, ఎరుపు రెండో జట్టు. దీన్ని కాంపొనెంట్ అంటారు. ఇందులో మూడూ బొమ్మకే. ఆకుపచ్చలో వెలుగునీడలు, మిగతా రెండింటిలో రంగుల సమాచారం వెళ్తాయి. శబ్దానికి తెలుపు, ఎరుపు తీగలు విడిగా ఉండాలి.

నలుపు తెలుపు బొమ్మకు తరచూ కనిపించే కారణం ఇక్కడే ఉంది. పసుపు తీగను టీవీ ఆకుపచ్చ సాకెట్‌కు తగిలించి, టీవీని కాంపొనెంట్‌లో పెడితే వెలుగునీడలే తెరపైకి వస్తాయి. రంగులు రావు. అయితే కొన్ని టీవీల్లో పసుపుకు విడిగా సాకెట్ ఉండదు. ఆకుపచ్చ సాకెట్‌కే సగం పసుపు రంగు వేసి ఉంటుంది. అలాంటి టీవీలో పసుపు పిన్నును అక్కడే పెట్టి, సోర్స్‌లో 'ఏవీ' ఎంచుకోవాలి.

కాంపొనెంట్ వాడేవారిని తికమకపెట్టేది ఎరుపు. బొమ్మకొక ఎరుపు, శబ్దానికొక ఎరుపు ఉంటాయి. ఇవి తారుమారైతే మనుషుల ముఖాలకు నీలమో, ఆకుపచ్చో పులిమినట్లవుతుంది. ఒక స్పీకర్‌లో గుయ్‌మని రొద మొదలవుతుంది. ముఖాల రంగు మారడం, రొద రావడం రెండూ కలిసి కనిపిస్తే పిన్నులు తారుమారయ్యాయని నిర్ధారించుకోవచ్చు.

రిమోట్‌పై ఒక్క మీట నొక్కితే తెర చీకటి

పిల్లలు రిమోట్‌తో ఆడుకున్న తర్వాత బొమ్మ మాయమైందన్నది చాలా ఇళ్లలో వినిపించే మాటే. ప్లేయర్ రిమోట్‌పై 'పీ-స్కాన్', 'వీ-మోడ్', 'వీడియో అవుట్' వంటి పేర్లతో ఒక మీట ఉంటుంది. బొమ్మను ఏ సాకెట్ ద్వారా, ఏ పద్ధతిలో పంపాలో అది నిర్ణయిస్తుంది. ప్రోగ్రెసివ్ స్కాన్ పద్ధతి కాంపొనెంట్ దారికి ఉద్దేశించినది. అది ఆన్ అయితే కొన్ని ప్లేయర్లలో పసుపు సాకెట్ నుంచి బొమ్మ రావడం ఆగిపోతుంది. ఆ పద్ధతిని అందుకోలేని పాత టీవీకి కాంపొనెంట్ ద్వారా పంపితే బొమ్మ చీలిపోయి, గీతలు గీతలుగా కనిపిస్తుంది.

తెర చీకటైపోయినప్పుడు మెనూ కనిపించదు కాబట్టి సరిదిద్దడమెలా అన్నది సమస్య. డిస్కును బయటకు తీసి, ట్రే తెరిచి ఉంచి అదే మీటను ఒక్కోసారి నొక్కాలి. నొక్కిన ప్రతిసారీ ఐదారు సెకన్లు ఆగాలి. పద్ధతులు ఒకదాని తర్వాత ఒకటి మారుతూ సరైనది రాగానే లోగో కనిపిస్తుంది. చాలా ప్లేయర్లలో డిస్కు తిరుగుతున్నప్పుడు ఈ మీట పనిచేయదు. అందుకే ట్రే తెరవడం ముఖ్యం.

అమెరికా డిస్కు.. ఇండియా టీవీ

ఈ ప్రాంతంలో పిల్లలు అమెరికాలో స్థిరపడిన కుటుంబాలున్నాయి. అక్కడి వేడుకల డిస్కులు ఇక్కడికి చేరాయి. వాటిని పెడితే బొమ్మ పైకి దొర్లడం, రంగులు పోవడం, తెరలో కొంత భాగం ఖాళీగా మిగలడం జరుగుతుంది. ఇది డిస్కు లోపం కాదు. దేశాల మధ్య పద్ధతుల తేడా.

దూరదర్శన్ 1982లో రంగుల ప్రసారాలకు మారినప్పుడు మన దేశం పాల్ పద్ధతిని అనుసరించింది. ఇందులో బొమ్మకు 625 గీతలు, సెకనుకు 25 బొమ్మలు. అమెరికా, జపాన్‌ల ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో 525 గీతలు, సెకనుకు దాదాపు 30 బొమ్మలు. డీవీడీలోనూ ఈ తేడా కొనసాగింది. పాల్ డీవీడీలో బొమ్మ కొలత 720-576 చుక్కలైతే, ఎన్‌టీఎస్‌సీలో 720-480. ఇప్పటి టీవీలు రెండింటినీ అందుకుంటాయి. పాత పెట్టె టీవీల్లో కొన్నింటికి పాల్ ఒక్కటే తెలుసు.

ప్లేయర్ సెటప్ మెనూలో 'టీవీ సిస్టమ్' లేదా 'టీవీ టైప్' అన్నచోట పాల్, ఎన్‌టీఎస్‌సీ, ఆటో లేదా మల్టీ అన్న ఎంపికలుంటాయి. కొత్త టీవీ ఉన్నవారు ఆటో లేదా మల్టీలో ఉంచుకోవాలి. పాత టీవీ ఉన్నవారు పాల్ ఎంచుకుంటే ఎన్‌టీఎస్‌సీ డిస్కును ప్లేయరే మార్చి పంపే ప్రయత్నం చేస్తుంది. కొన్ని రిమోట్‌లపై దీనికి 'ఎన్/పీ' అన్న మీట విడిగా ఉంటుంది.

'ఈ ప్రాంతంలో చెల్లదు' అన్న సందేశం వస్తే అది వేరే సంగతి. సినిమా డీవీడీలకు ప్రాంతాల అంకెలుంటాయి. అమెరికాది 1, భారత్‌ది 5. బ్లూరేలో అమెరికా 'ఏ', భారత్ 'సీ' విభాగంలో ఉన్నాయి. అంకె కలవకపోతే తీగలు మార్చినా ప్రయోజనం లేదు. ఇళ్లలోనూ, స్టూడియోల్లోనూ రాసిన వేడుకల డిస్కులకు సాధారణంగా ఈ అడ్డంకి ఉండదు.

మూడు రంగుల సాకెట్లు లేని టీవీలు

కొత్త టీవీల వెనుక మూడు రంగుల సాకెట్లు తగ్గిపోయాయి. వాటి స్థానంలో ఇయర్‌ఫోన్ సాకెట్‌లాంటి చిన్న రంధ్రం 'ఏవీ ఇన్' పేరుతో ఉంటుంది. ఒకవైపు సన్న పిన్ను, మరోవైపు మూడు రంగుల సాకెట్లు ఉన్న తీగ ముక్క దీనికి కావాలి. సన్న పిన్నుపై నాలుగు భాగాలుంటాయి. ఏ భాగంలో బొమ్మ, ఏ భాగంలో ఎర్తు అన్నది కంపెనీని బట్టి మారుతుంది. బజారులో దొరికిన తీగ పెడితే బొమ్మకు బదులు రొద వచ్చేది ఇందుకే. పసుపు పిన్నును తెలుపు, ఎరుపు స్థానాల్లో మార్చి చూస్తే కొన్నిసార్లు బొమ్మ వస్తుంది. రాకుంటే టీవీతోపాటు ఇచ్చిన తీగనో, ఆ కంపెనీ మోడల్‌కు సరిపోయేదో తెచ్చుకోవాలి.

చిన్న రంధ్రం కూడా లేకుంటే ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే చిన్న డబ్బా అవసరమవుతుంది. ఇక్కడ జాగ్రత్త పడాల్సినవి రెండు. ఒకటి, దిశ. ఏవీని హెచ్‌డీఎంఐగా మార్చే డబ్బా వేరు, హెచ్‌డీఎంఐని ఏవీగా మార్చేది వేరు. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. ఒకటి రెండో పని చేయదు. రెండోది, కరెంటు. దీనికి యూఎస్‌బీ ద్వారా 5 వోల్టులు అందించాలి. ఆ తీగ పెట్టకపోతే తెర నల్లగా ఉండిపోతుంది. రెండు చివర్లలో పిన్నులు మాత్రమే ఉండి, మధ్యలో డబ్బా లేని 'హెచ్‌డీఎంఐ-ఏవీ తీగ' ఈ పనికి పనికిరాదు.

ఇందుకు విరుద్ధమైన ఇబ్బంది బ్లూరే ప్లేయర్లు కొన్నవారిది. కాపీరైట్ రక్షణ నిబంధనల ప్రకారం 2013 తర్వాత తయారైన బ్లూరే ప్లేయర్లలో పసుపు, కాంపొనెంట్ సాకెట్లు తీసేశారు. పాత పెట్టె టీవీకి వాటిని నేరుగా తగిలించడం కుదరదు.

హెచ్‌డీఎంఐతోనూ తంటాలు

హెచ్‌డీఎంఐ తీగ ఒక్కటే బొమ్మనూ శబ్దాన్నీ మోసుకెళ్తుంది. అయితే బొమ్మ పంపే ముందు ప్లేయర్, టీవీ ఒకదాన్నొకటి గుర్తించుకోవాలి. నకళ్లను అడ్డుకునే హెచ్‌డీసీపీ రక్షణ కూడా అప్పుడే తనిఖీ జరుగుతుంది. ఈ పరిచయం మధ్యలో తప్పితే తెర నల్లబడుతుంది, లేదా క్షణం వచ్చి క్షణం పోతుంది. రెండింటినీ ఆపి, ప్లగ్గులు తీసి, ఒకటి రెండు నిమిషాల తర్వాత ముందు టీవీని, ఆపై ప్లేయర్‌ను ఆన్ చేస్తే చాలాసార్లు సర్దుకుంటుంది. మరో హెచ్‌డీఎంఐ సాకెట్‌లో పెట్టి చూడటం రెండో మెట్టు. ప్లేయర్‌లో రిజల్యూషన్‌ను 1080 నుంచి 576కు తగ్గించి చూడటం మూడో మెట్టు.

అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షలకు చదివే అభ్యర్థుల గదుల్లో టీవీ బదులు కంప్యూటర్ మానిటర్లు ఉంటాయి. డీవీడీ ప్లేయర్‌ను వీటికి తగిలించినప్పుడు 'పరిధిలో లేదు' అన్న సందేశం రావచ్చు. పాల్ పద్ధతిలో సెకనుకు 50 సార్లు వచ్చే బొమ్మను కొన్ని మానిటర్లు అందుకోవు. ప్లేయర్‌ను ఎన్‌టీఎస్‌సీకి, అంటే సెకనుకు 60 సార్లకు మారిస్తే ఫలితం ఉండొచ్చు. స్పీకర్లు లేని మానిటర్‌లో బొమ్మ వచ్చినా శబ్దం రాకపోవడం సహజమే. శబ్దం కోసం ప్లేయర్ తెలుపు, ఎరుపు సాకెట్ల నుంచి విడిగా స్పీకర్లకు తీగ వేసుకోవాలి.

సాగిన ముఖాలు, నల్ల పట్టీలు

పాత వేడుకల వీడియోలు 4:3 కొలతలో తీసినవి. ఇప్పటి తెరలు 16:9. టీవీ ఆ బొమ్మను అడ్డంగా లాగడంతో ముఖాలు గుండ్రంగా ఉబ్బినట్లు కనిపిస్తాయి. టీవీ రిమోట్‌లో 'యాస్పెక్ట్' లేదా 'పిక్చర్ సైజ్' మీటతో 4:3 ఎంచుకుంటే ముఖాలు అసలు రూపానికి వస్తాయి. పక్కల నల్ల పట్టీలు మిగులుతాయి. అవి లోపం కాదు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లోని సంధ్యలోనో, దేవిలోనో చూసిన స్కోప్ సినిమా ఇంట్లో పైనా కిందా నల్ల పట్టీలతో వచ్చేదీ ఇందుకే. థియేటర్ తెర వెడల్పు ఇంటి తెరకు లేదు. అక్షరాలు అంచుల్లో తెగిపోతుంటే 'జస్ట్ స్కాన్' లేదా 'స్క్రీన్ ఫిట్' ఎంచుకోవాలి.

గళ్లు పడితే డిస్కు.. పట్టీలు పాకితే ఎర్తు

లోగో చక్కగా వచ్చి, డిస్కు పెట్టాక బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోయి ఆగిపోతుంటే డిస్కుపై మరకలు, గీతలు చూడాలి. మెత్తని పొడిబట్టతో మధ్య నుంచి అంచువైపు నిలువుగా తుడవాలి. గుండ్రంగా తుడిస్తే పడే గీత డిస్కు తిరిగే దారిలోనే సాగి మరింత నష్టం చేస్తుంది. వీసీడీల విషయంలో పేరు రాసే పైముఖమే సున్నితమైనది. సమాచారం ఉండే పొర ఆ ముఖానికి ఆనుకునే ఉంటుంది. అక్కడ స్టిక్కర్ పీకినా, బాల్‌పెన్నుతో గట్టిగా రాసినా మరమ్మతుకు లొంగని దెబ్బ తగులుతుంది.

వీసీడీలు ఆడి, డీవీడీలు ఆడకపోతే ప్లేయర్ లెన్సుపై అనుమానం సబబే. వీసీడీ చదవడానికి 780 నానోమీటర్ల లేజర్, డీవీడీకి 650 నానోమీటర్ల లేజర్ పనిచేస్తాయి. ఒకటి నీరసించినా రెండోది బాగుండవచ్చు. ఈ సందర్భంలోనే మెకానిక్ అవసరం. ప్లేయర్ మూత ఇంట్లో తెరవకూడదు. లోపల ఇంటి కరెంటు నేరుగా వచ్చే భాగం ఉంటుంది. లేజర్ కళ్లకు హాని చేస్తుంది.

తెరపై వెడల్పాటి పట్టీ ఒకటి నెమ్మదిగా పైకి పాకుతూ, స్పీకర్లలో గుర్రుమంటుంటే అది ఎర్తింగ్ తేడా. కేబుల్ వైరును టీవీ, సెట్‌టాప్ బాక్సుల నుంచి తీసి చూడాలి. పట్టీ మాయమైతే కారణం కేబుల్ వైరు ద్వారా వస్తున్నట్లే. డీవీడీ చూసేటప్పుడు ఆ వైరు తీసి ఉంచడం సులువైన మార్గం. తీగలు పట్టుకున్నప్పుడు చేతికి చిమచిమలాడితే ఇంటి ఎర్తింగ్‌ను ఎలక్ట్రీషియన్‌తో పరీక్షించుకోవాలి.

సినిమా డీవీడీ ఆడుతుండగా వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉంటే ప్లేయర్ తీగ పాత వీసీఆర్ మీదుగా వెళ్తోందేమో చూడాలి. నకళ్లను అడ్డుకునే ఏర్పాటు వీసీఆర్‌ను అలా గందరగోళపరుస్తుంది. తీగను నేరుగా టీవీకి ఇస్తే సరిపోతుంది.

తీగల కోసం కోఠి

తీగలు, మార్పిడి డబ్బాలు, లెన్సులు వెతికేవారికి నగరంలో పాత చిరునామా కోఠిలోని గుజరాతీ గల్లీ. మెట్రోలో చిక్కడపల్లి, నారాయణగూడ దాటగానే వచ్చే సుల్తాన్‌బజార్ స్టేషన్‌లో దిగవచ్చు. వెళ్లే ముందు టీవీ వెనుక భాగాన్ని, ప్లేయర్ వెనుక భాగాన్ని సెల్‌ఫోన్‌తో ఫొటో తీసుకెళ్తే దుకాణదారుకు ఏది కావాలో వెంటనే అర్థమవుతుంది. అనవసరమైన తీగ కొనాల్సిన అవస్థ తప్పుతుంది.

బొమ్మ వచ్చిందా.. నకలు తీయండి

ఇంటి డిస్కు సరిగా ఆడిన రోజే దానికి నకలు తీయించుకోవడం మేలు. దుకాణంలో అమ్మే సినిమా డిస్కు అచ్చు వేసినది. స్టూడియోవారు రాసిచ్చిన డిస్కులో రసాయన రంగుపూత ఉంటుంది. ఎండకు, వేడికి అది వెలిసిపోతుంది. అటకపై ఉంచిన డిస్కు వేసవులన్నీ తట్టుకుంటుందన్న భరోసా లేదు.

డీవీడీ డ్రైవ్ ఉన్న కంప్యూటర్‌లో డిస్కు తెరిస్తే డీవీడీలో 'వీడియో టీఎస్', వీసీడీలో 'ఎంపెగ్ ఏవీ' అనే ఫోల్డర్ ఉంటుంది. దాన్ని ఉన్నదున్నట్లు కాపీ చేసుకోవాలి. ఉచితంగా లభించే వీఎల్‌సీ ప్లేయర్ ఈ ఫైళ్లను ఆడిస్తుంది. ఒక పొర డీవీడీ నిండా ఉన్నా 4.7 జీబీయే కాబట్టి 64 జీబీ పెన్‌డ్రైవ్‌లో పన్నెండు డిస్కులు పడతాయి. ఒక డ్రైవ్ చదవని డిస్కును మరో డ్రైవ్ చదవవచ్చు. ఒక్క ప్రయత్నంతో ఆశ వదులుకోనక్కర్లేదు. నకళ్లు రెండు చోట్ల ఉంచుకోవాలి. కొన్న సినిమాలకు కాపీరైట్ ఉంటుంది కాబట్టి ఈ సూచన సొంత వేడుకల డిస్కులకే.

ఒక్క చూపులో..

* తెర ఖాళీ: టీవీ సోర్స్, పిన్నులు, ప్లేయర్ వీడియో అవుట్ చూడాలి.
* నలుపు తెలుపు బొమ్మ: పసుపు-ఆకుపచ్చ తారుమారు, లేదా పాల్-ఎన్‌టీఎస్‌సీ తేడా.
* ముఖాల రంగు మారి, రొద వస్తే: రెండు ఎరుపు పిన్నులు తారుమారు.
* బొమ్మ చీలి గీతలైతే: ప్రోగ్రెసివ్ స్కాన్ ఆపాలి.
* బొమ్మ దొర్లుతుంటే: టీవీ సిస్టమ్‌ను ఆటో లేదా పాల్‌కు మార్చాలి.
* క్షణం వచ్చి క్షణం పోతే: హెచ్‌డీఎంఐ తీగ, సాకెట్ మార్చాలి, రిజల్యూషన్ తగ్గించాలి.
* గళ్లు గళ్లుగా ఆగిపోతే: డిస్కు, ఆ తర్వాతే లెన్సు.
* పట్టీ పైకి పాకుతుంటే: కేబుల్ వైరు తీసి చూడాలి.

ఇవన్నీ చూశాక కూడా బొమ్మ రాకపోతే మెకానిక్‌ను పిలవాలి. లోగో వచ్చిందా లేదా, ఏ డిస్కు ఆడింది, ఏది ఆడలేదు అన్నది ముందే చెప్పగలిగితే ఆయన పనీ తేలికవుతుంది, బిల్లూ తగ్గే అవకాశం ఉంటుంది. ప్లేయర్‌ను పాత సామాన్లకు వేయాల్సి వచ్చినా ముందుగా ట్రే తెరిచి చూడటం మరవొద్దు. ఆఖరిసారి చూసిన డిస్కు అందులోనే ఉండిపోయి ఉండవచ్చు.